పేరు తెలియని తీగె

మనిషి తాను చేసిన మంచి పనిని పదిమందిలో చెప్పుకొనుటకు ఆలస్యం చేయడు. తప్పును చెప్పుకొనుటకు మాత్రం ఏళ్ళు పడుతుంది. వార్షిక సంచికకు ఏదైనా వ్రాయవలసిందని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే తీగెలను, పరికరాలను గురించి విద్యార్థులకు పనికివచ్చే వ్యాసమొకటి వ్రాసి ఇద్దామనుకొన్నాను. కాగితం ముందు కూర్చునేసరికి ఆ తీగెల వెనుక ఒక అబ్బాయి ముఖం కనిపించింది. అతనిని విడిచిపెట్టి ఈ వ్యాసం వ్రాయడం నాకు సాధ్యం కాలేదు.

మాది నాయుడుపేట. నేను చదువుకొనే రోజులలో అది నెల్లూరు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో చేరింది. ఊరి పక్కన స్వర్ణముఖి నది. గూడూరు నుండి చెన్నై పోయే రైలుమార్గము, కలకత్తా నుండి చెన్నై పోయే జాతీయ రహదారి రెండూ మా ఊరిని తాకుతూ పోతాయి. ఉత్తరం నుండి శ్రీకాళహస్తికి, తిరుపతికి రోడ్డున వెళ్ళేవారిలో చాలామంది ఇక్కడనే దారి మళ్ళుతారు. మా బస్టాండులో ఒక గంట కూర్చుంటే చాలు, ఏ ఊరి ప్రయాణికుడు ఏ బస్సు ఎక్కాలో, ఎక్కడ దిగి మారాలో అంతా తెలిసిపోతుంది. ఈ మాట ఊరికే చెప్పడం లేదు. కొన్నేళ్ళ తరువాత రౌటరు అనే పరికరం చేసే పని ఏమిటో తరగతిలో చెప్పినప్పుడు నాకు మొదట గుర్తుకు వచ్చింది మా బస్టాండే.

2011వ సంవత్సరం. నేను ఇంటర్మీడియట్ చదువుతున్నాను. సెలవు దినాలలో, సాయంకాలాలలో బజారువీధిలోని ఒక నెట్ సెంటరులో పనిచేసేవాడిని. దాని యజమాని మా నాన్నగారికి స్నేహితుడు. ఆయనను మేము చాచా అని పిలిచేవాళ్ళం. పదకొండు కంప్యూటర్లు, ఒక ముద్రణయంత్రం, గోడకు రెండు పంకాలు, అదీ ఆ కొట్టు. టెలిఫోను తీగె మీదుగా వచ్చే బ్రాడ్‌బ్యాండు ఒక చిన్న మోడెములోకి, అక్కడినుండి పదహారు రంధ్రాలున్న ఒక పెట్టెలోకి, ఆ పెట్టెనుండి నీలిరంగు తీగెల ద్వారా ఒక్కొక్క కంప్యూటరుకు చేరేది. ఆ పెట్టె మూల బల్ల కింద ఉండేది. దానిని మేమందరం 'ఆ డబ్బా' అనేవాళ్ళం. దానికొక పేరు ఉంటుందని, ఆ పేరులో దాని పని ఉంటుందని మాలో ఎవరికీ తోచలేదు.

కొట్టు ఊడ్చి, నీళ్ళు తెచ్చి, టీ అందించే అబ్బాయి ఒకడుండేవాడు. నాకంటె ఒక ఏడాది చిన్న. పదవ తరగతితో చదువు ఆగిపోయింది. తల్లి ఒక టిఫిను బండి దగ్గర గిన్నెలు కడిగేది. అతని పేరు ఇక్కడ వ్రాయడం న్యాయం కాదు కనుక వ్రాయడం లేదు.

ఆ రోజు ఉపకారవేతనాల దరఖాస్తులకు చివరి రోజు. దరఖాస్తు కంప్యూటరులోనే నింపి పంపవలెను. ఉదయం ఎనిమిదింటికే కొట్టు ముందు పిల్లలు, తండ్రులు, చేతులలో సర్టిఫికెట్ల సంచులు. నేను తొందరగా వెళ్ళి యంత్రాలన్నీ ఆన్ చేస్తుండగా బల్ల కింద ఒక తీగె కొన వేలాడుతూ కనిపించింది. వారం క్రితం ఒక కంప్యూటరును మరమ్మతుకు పంపినప్పుడు దాని తీగెను చుట్టచుట్టి అక్కడనే వదిలివేసిన సంగతి నాకు గుర్తు లేదు. దాని రెండవ కొన అప్పటికే ఆ డబ్బాలోనే ఉన్నది. ఏదో తీగె ఊడిపోయిందనుకొని, బల్లకిందికి వంగి, వేలాడే కొనను ఖాళీగా ఉన్న రంధ్రంలో గుచ్చాను. టక్కుమని చప్పుడైంది. మంచి పని చేశాననుకొన్నాను.

రెండు నిమిషాలలో పదకొండు కంప్యూటర్లలోనూ నెట్టు ఆగిపోయింది. డబ్బా మీది చిన్న ఆకుపచ్చ దీపాలు మామూలుగా ఒకటి విడిచి ఒకటి మిణుకుమనేవి. ఆ ఉదయం అన్నీ ఒక్కసారిగా, ఊపిరి సలపనంత వేగంగా కొట్టుకోసాగాయి. మోడెమును ఆపి మళ్ళీ వేశాము. డబ్బాను ఆపి మళ్ళీ వేశాము. ఒక్క క్షణం ప్రాణం వచ్చినట్లై మళ్ళీ అదే స్థితి. టెలిఫోను ఎత్తి చూస్తే బాగానే మోగుతున్నది. పది గంటలైంది, పదకొండైంది. బయట జనం గొంతులు పెరిగాయి.

చాచాకు కోపం వచ్చింది. "పొద్దున చీపురు పెట్టింది వీడే. వీడు తప్ప ఆ బల్లకిందికి ఎవరు పోయారు?" అన్నారు.

"నేను ముట్టుకోలేదు చాచా" అన్నాడు ఆ అబ్బాయి.

"ముట్టుకోకుండా ఎట్లా చెడుతుంది?"

అతను మరొక మాట చెప్పలేదు. ఒకసారి నా వంక చూచి తల దించుకొన్నాడు. మధ్యాహ్నానికి చాచా అతనిని రేపటినుండి రావద్దన్నారు. అతను చీపురును తలుపు వెనుక నిలబెట్టి వెళ్ళిపోయాడు.

చిట్టమూరు వైపు ఊరినుండి ఒక ఆడపిల్ల తండ్రితో కలిసి వచ్చింది. ఉదయం నుండి ఆ బల్లమీదనే కూర్చున్నది. మూడున్నరకు తండ్రి లేచి, బస్సు తప్పిపోతే మళ్ళీ చీకటి పడుతుందని చెప్పి ఆమెను తీసుకొని వెళ్ళిపోయాడు. ఇంకో పావుగంటకు నేను ఏమీ తోచక బల్లకింద కూర్చుని ఉదయం నుండి చేసిన పనులన్నీ ఒకటొకటిగా తలచుకొంటుంటే, గుచ్చిన తీగె గుర్తుకు వచ్చింది. దానిని పీకివేశాను. ఆ క్షణమే దీపాలు నెమ్మదించాయి. "వచ్చింది, వచ్చింది" అని కొట్టంతా కేకలు.

"ఏం చేశావురా?" అన్నారు చాచా.

"డబ్బా ఆపి మళ్ళీ వేశాను" అన్నాను.

ఆయన నా భుజం తట్టారు. ఆ సాయంత్రం నాకు యాభై రూపాయలు ఎక్కువ ఇచ్చారు. ఆ అబ్బాయి ఇల్లు బజారు వెనుక వీధిలోనే. పిలుచుకొని రావడానికి ఐదు నిమిషాలు చాలు. నేను వెళ్ళలేదు. రెండు రోజులకు దరఖాస్తుల గడువు పొడిగించారని తెలిసింది. చిట్టమూరు వైపు నుండి వచ్చిన ఆ పిల్ల మళ్ళీ వచ్చి దరఖాస్తు పంపుకొన్నది. ఆ అబ్బాయి పనికి మాత్రం ఎవరూ గడువు పొడిగించలేదు.

తరువాత నేను డిగ్రీలో కంప్యూటరు శాస్త్రం తీసుకొన్నాను. ఒకరోజు మా అధ్యాపకులు బల్లమీద నాలుగు పరికరాలు పెట్టి వాటి పేర్లు చెప్పారు. ఆనాడు విన్నదానిని మీకు కూడా చెబుతాను. ఈ పేర్లు తెలియకపోవడం వల్లనే పైన చెప్పినదంతా జరిగింది.

మొదటిది మోడెము. టెలిఫోను తీగెమీద పోగలిగే సంకేతంగా కంప్యూటరు అంకెలను మార్చి పంపి, అవతలినుండి వచ్చిన సంకేతాన్ని మళ్ళీ అంకెలుగా మార్చేది. రెండవది హబ్బు. ఒక రంధ్రంలో వచ్చిన వార్తను మిగిలిన రంధ్రాలన్నింటిలోనూ చాటింపు వేసేది. ఎవరికి కావాలో దానికి తెలియదు. మూడవది స్విచ్చు. ఇదే మా 'డబ్బా'. ఇది హబ్బు కంటె తెలివిగలది. ప్రతి కంప్యూటరులోని నెట్‌వర్కు కార్డుకు తయారీలోనే 48 బిట్ల గుర్తు ఒకటి వేస్తారు. దానిని మ్యాక్ చిరునామా అంటారు. ఏ గుర్తుగల యంత్రం ఏ రంధ్రం వైపు ఉన్నదో స్విచ్చు చూచి నేర్చుకొంటుంది. ఆ తరువాత ఎవరి వార్త వారికే అందిస్తుంది. నాలుగవది రౌటరు. ఒక నెట్‌వర్కు నుండి మరొక నెట్‌వర్కుకు దారి చూపేది. స్విచ్చు ఊరిలోని పోస్టుమాను వంటిది. రౌటరు మా నాయుడుపేట బస్టాండు వంటిది.

తరువాత తీగె. మా కొట్టులోని నీలి తీగె లోపల ఎనిమిది సన్నని రాగి తీగెలుంటాయి. అవి నాలుగు జతలు: నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ. ప్రతి రంగుతోనూ తెలుపుచార గల జతగాడు ఒకడు. ప్రతి జతను నులక పేనినట్లు పేనుతారు. పక్కన పోయే కరెంటు తీగె నుండి వచ్చే అలజడి పేనిన రెండింటిమీదా దాదాపు సమానంగా పడుతుంది. అవతలి కొనలో ఆ రెండింటి మధ్య తేడాను మాత్రమే చదువుతారు కనుక, సమానంగా పడిన అలజడి లెక్కలోకి రాదు. టెలిఫోనును కనిపెట్టిన గ్రాహంబెల్ ఈ ఉపాయానికి 1881లోనే పేటెంటు పొందారు. ఇటువంటి తీగె ఒక్కటి నూరు మీటర్లకు మించకూడదని నియమం. కొనకు బిగించే పారదర్శకమైన తలను ఆర్‌జె-45 అంటారు. దానిలో తీగెలు రంగుల వరుస తప్పకుండా కూర్చాలి. బాగా వాడుకలో ఉన్న వరుస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. మొదటి పదిసార్లూ నేను తప్పుగానే కూర్చాను.

ఇవన్నీ కంటికి కనిపించేవి. కనిపించనిది ప్రోటోకాలు. అంటే ఒడంబడిక. రెండు యంత్రాలు ఏ మాట ముందు, ఏ మాట వెనుక, బదులు రాకపోతే ఏమి చేయాలి అని ముందుగా కుదుర్చుకొన్న మర్యాద. ఒకే గదిలోని యంత్రాలు మాట్లాడుకొనే ఈథర్‌నెట్ పద్ధతిని 1973లో అమెరికాలో జిరాక్సు సంస్థవారి పరిశోధనాలయంలో రాబర్ట్ మెట్కాఫ్ ప్రతిపాదించారు. ఊరూరి యంత్రాలు మాట్లాడుకొనే టీసీపీ, ఐపీ అనే జంట ఒడంబడికకు అమెరికా వారి అర్పానెట్ 1983 జనవరి 1న మారింది. ఐపీ పని చిరునామా. పాత పద్ధతిలో అది 32 బిట్లు, అంటే దాదాపు 430 కోట్ల చిరునామాలు. లోకానికి అవి చాలక 128 బిట్ల కొత్త పద్ధతి తెచ్చారు. టీసీపీ పని అందినదో లేదో చూడటం. ఫోనులో మనం "హలో, వినిపిస్తున్నదా?" అంటాము. అవతలివారు "వినిపిస్తున్నది, నా మాట వినిపిస్తున్నదా?" అంటారు. "ఆఁ, చెప్పండి" అని మనం మొదలుపెడతాము. టీసీపీ కూడా సరిగా ఈ మూడు మాటలతోనే మొదలవుతుంది. ఆపైన పంపిన ప్రతి భాగానికీ రసీదు రావాలి. రాకపోతే మళ్ళీ పంపుతుంది. యూడీపీ అనే మరొక పద్ధతి ఉన్నది. అది పోస్టుకార్డు వంటిది. వేసి ఊరుకోవడమే, రసీదు అడగదు.

ఇక ఆ రోజు పాఠంలో చివరి భాగం. ఒక యంత్రం తనకు కావలసిన యంత్రం ఎక్కడున్నదో తెలియనప్పుడు "ఈ చిరునామా ఎవరిది?" అని అందరికీ వినబడేట్లు అడుగుతుంది. దీనిని బ్రాడ్‌కాస్టు అంటారు. స్విచ్చు ఆ ప్రశ్నను వచ్చిన రంధ్రం తప్ప మిగిలిన రంధ్రాలన్నింటిలోకీ పంపుతుంది. ఒకే తీగె రెండు కొనలూ ఒకే స్విచ్చులో ఉంటే? ఒక కొనలోనుండి పోయిన ప్రశ్న రెండవ కొనలోనుండి తిరిగి వస్తుంది. కొత్త ప్రశ్న వచ్చిందనుకొని స్విచ్చు మళ్ళీ అన్నింటిలోకీ పంపుతుంది. అది మళ్ళీ తిరిగివస్తుంది. దీనికి అంతం లేదు. ఐపీ పాకెట్టుకైతే ఆయుర్దాయం వంటి అంకె ఒకటి ఉంటుంది. రౌటరు దాటిన ప్రతిసారీ ఒకటి తగ్గి, సున్నా కాగానే పాకెట్టు రద్దవుతుంది. ఈథర్‌నెట్ వార్తకు అటువంటి అంకె లేదు. తీగె పీకేవరకు అది తిరుగుతూనే ఉంటుంది. క్షణాలలో స్విచ్చు నిండిపోయి అసలు వార్తలకు చోటుండదు. స్విచ్చును ఆపి వేసినా లాభం లేదు, ఎందుకంటే తీగె అక్కడే ఉన్నది. ఈ చుట్టుకు లూపు అని పేరు. ఆ ఉపద్రవానికి బ్రాడ్‌కాస్టు తుపాను అని పేరు. ఇటువంటి చుట్లను యంత్రాలే కనిపెట్టి ఒక దారిని మూసివేసే ఒడంబడికను 1985లో రాడియా పెర్ల్‌మన్ అనే మహిళ రూపొందించారు. దానికి స్పానింగ్ ట్రీ అని పేరు. మా కొట్టులోని చవక స్విచ్చులో అది లేదు.

అధ్యాపకులు స్విచ్చులో ఒక తీగె రెండు కొనలూ గుచ్చి చూపారు. దీపాలన్నీ ఒక్కసారిగా కొట్టుకోసాగాయి. తరగతిలో అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

ఆ ఆదివారం నాయుడుపేట వెళ్ళి చాచాకు ఉన్నదున్నట్లు చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "మోడెముకు ఒక కంప్యూటరును నేరుగా కలిపి చూచి ఉంటే?" అని అడిగారు. నెట్టు వచ్చేదని, దోషం స్విచ్చు దగ్గర ఉన్నదని ఐదు నిమిషాలలో తేలేదని చెప్పాను. "చూడకుండానే తేల్చేశాను" అన్నారు. మరునాడు అతనికి కబురు పంపారు. అతను రాలేదు.

నేనే వెళ్ళాను. రహదారి పక్కన టైర్లకు పంక్చర్లు వేసే కొట్టులో ఉన్నాడు. లారీ చక్రం విప్పుతున్నాడు. నేను చెప్పినదంతా పని ఆపకుండానే విన్నాడు.

"ఆ పొద్దే నాకు తెలుసన్నా. నువ్వు బల్లకింద దూరి ఏందో గుచ్చావు గదా. నేను చూశా" అన్నాడు.

"మరి చెప్పలేదేం?" అన్నాను.

"ఏమని చెప్పేది? నువ్వు గుచ్చిందేందో, దేంట్లో గుచ్చావో, దాని పేరు నాకు తెలవదు. పేరు తెలవనోడి మాట ఎవరు నమ్ముతారు? నువ్వు చదువుకునేవాడివి."

నాకు జవాబు తోచలేదు. అతను చక్రాన్ని దొర్లించి గోడకు ఆనించి, చేతులు తుడుచుకొంటూ, "ఇంతకీ దాని పేరేంది?" అని అడిగాడు.

చెప్పాను. స్విచ్చు అని, లూపు అని. "లూపు" అని ఒకసారి తనలో తాను అనుకొని మళ్ళీ పనిలో పడ్డాడు. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

మిత్రులారా, ఆ మాట నేటికీ నన్ను వదలలేదు. ఒక వస్తువు చెడినప్పుడు దాని పేరు, దాని పని ఆ గదిలో ఎవరికీ తెలియకపోతే, నింద ఎప్పుడూ ఆ గదిలో అందరికంటె బలహీనుని మీదనే పడుతుంది. పేరు తెలిసినప్పుడు నింద పోయి విచారణ మొదలవుతుంది. "వీడు చెడగొట్టాడు" అనే మాట స్థానంలో "మోడెము బాగున్నది, స్విచ్చు చూద్దాము" అనే మాట వస్తుంది. పరిభాష నేర్చుకొనుట పరీక్షలో మార్కులకని మనం అనుకొంటాము. అన్యాయం జరగకుండా చూచుకొనుటకు కూడా అదే ఆధారం.

నా చిన్ననాటి రాగి తీగెల కాలం క్రమంగా వెనుకబడుతున్నది. వెంట్రుకంత సన్నని గాజుపోగులో కాంతి రూపంలో వార్తలు దూరదేశాలకు పంపవచ్చునని 1966లో చార్లెస్ కావ్ నిరూపించే ప్రయత్నం చేశారు. ఆ కృషికి 2009లో ఆయనకు నోబెలు బహుమానం వచ్చింది. 2002లో చెన్నై నుండి సింగపూరుకు సముద్రగర్భంలో అటువంటి కేబులు పనిచేయడం ప్రారంభించింది. మన రాష్ట్రంలో ఫైబర్‌నెట్ పేరిట కరెంటు స్తంభాల మీదుగా గాజుపోగు ఊళ్ళలోకి వచ్చింది. పరికరాలు మారుతున్నాయి. పేరు తెలియనివాడు గదిలో ఒక మూలన నిలబడి ఉండటం మాత్రం మారలేదు.

ఇప్పుడు నేను ఈ కళాశాల ప్రయోగశాలలోనే పనిచేస్తున్నాను. మా గదిలో ప్రతి తీగెకు రెండు కొనలా ఒకే అంకె వేసిన చీటీ అంటించాము. ఖాళీ తీగెను స్విచ్చులో ఉంచము. ప్రతి ఏడూ మొదటి రోజున విద్యార్థులతోపాటు గది ఊడ్చే ఆమెకు, అటెండరుకు కూడా ఆ పేర్లన్నీ చెబుతాను. ఉర్దూ విభాగపు పిల్లలు తీగెను తార్ అంటారు, వలను జాల్ అంటారు. తెలుగులో జాలమన్నా వలయే కనుక వారికీ మాకూ ఆ మాట దగ్గర పేచీ లేదు. పోయిన సంవత్సరం ఒకనాడు నెట్టు ఆగినప్పుడు ఊడ్చే ఆమెయే వచ్చి, "సార్, ఏడో నంబరు తీగె రెండు కొనలూ స్విచ్చులోనే ఉండాయి" అని చెప్పింది. పిల్లలలో ఎవరో గుచ్చారు. ఎవరని నేను అడగలేదు. పీకివేసి పాఠం మొదలుపెట్టాను.

కళాశాల కమిటీ వారికి ఒక చిన్న మనవి. లూపులను తానే ఆపగలిగే స్విచ్చు ఒకటి కొని ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. దానితోపాటు ఈ వ్యాసంలోని పేర్లను ఉర్దూలోను, తెలుగులోను పెద్ద అక్షరాలతో వ్రాయించి ప్రయోగశాల గోడకు తగిలించే ఏర్పాటు చేయవలెను. ఆ పలకను లోపల కాక, తలుపు దగ్గర, చీపురు పెట్టే మూలకు ఎదురుగా పెట్టించండి.